ఏడుపు రాని రాణి

“కదిరమ్మక్క పోయింది సాబ్!”

కదిరిలో నాటకం మొదలు కావడానికి ఇంకా కాసేపు ఉంది. మైకు గోలలో నాటక సమాజం పెద్ద ఖాసిం సాబ్ చెవిన ఆ ముక్కే పడింది. “యా అల్లా! ఇప్పుడే గదా కిళ్లీ నములుతా కూచోని ఉండె!” అని హార్మోనియం మీద వాలి బావురుమన్నాడు. ఎవరో పూలదండకు మనిషిని కూడా పంపేశారు.

“మనిషి కాదు సాబ్, గొంతు! గొంతు పోయింది అంటి!” అంది కల్పన.

చిన్నరాణి వేషం కట్టే కదిరమ్మ నిక్షేపంగా తెర వెనక కుర్చీలో ఉంది. గొంతు చూపించి చేతులు తిప్పుతోంది, నోరు మెదపడం లేదు. ఖాసిం సాబ్‌కు అసలు ఏడుపు అప్పుడొచ్చింది. మనిషి పోతే నాటకం ఆపొచ్చు. గొంతు పోతే ఏం చెప్పి ఆపుతాడు?

“ఎవరో కిళ్లీలో సింధూరం కలిపినారు,” అన్నాడు. పాడే గొంతును పడగొట్టాలంటే సింధూరం తినిపిస్తే చాలని స్టేజీ మనుషులకు గట్టి నమ్మకం. “చిన్నరాణి వేషం ఇంక నువ్వే కట్టాల పాపా.”

“నేనా సాబ్? నాకు యాడొస్తాది!” అంది కల్పన. అప్పటికే కిరీటం పెట్టుకుని ఉంది.

అంతవరకూ చెలికత్తెగా చామరం ఊపిన చెయ్యి. పాత్ర దొరికింది, పాత్రత సంగతి దేవుడెరుగు. చిన్నరాణి అంటే సింహాసనం కోసం అక్క పెద్దరాణికి విషం పెట్టి, ఆఖరి అంకంలో కుమిలి కుమిలి చచ్చే మనిషి. కల్పన విషం బ్రహ్మాండంగా పెట్టింది. కుమలడమే చేతకాలేదు.

“ఏడ్సు పాపా, ఏడ్సు!” ఖాసిం సాబ్ పళ్లు కొరికాడు. “ఏడుపు రాని రాణిని యాడన్నా చూసినామా?”

జనం ఈలలేశారు. “దిగమ్మా! నీకు చామరమే మేలు!”

కల్పన బిత్తరపోయి పక్కకు తిరిగింది. తెర చాటున కదిరమ్మ. కోపం లేదు, శాపం లేదు. ఊరికే చూస్తోంది. కల్పన మోకాళ్ల మీద కూలబడింది.

“అక్కా! నీ కిళ్లీలో సింధూరం కలిపింది నేనేనక్కా! ఈ కిరీటం కోసం నీ గొంతు కోసినా! మన్నించక్కా!”

నాటకంలో లేని మాటలవి. ఆ ఏడుపూ నాటకం కాదు. హార్మోనియం ఆగిపోయింది. జనానికి అవన్నీ ఎందుకు? పెద్దరాణికే చెప్పుకుంటోంది అనుకున్నారు. వాన ఎరుగని ఊళ్లో వన్స్ మోర్ల వాన కురిసింది.

వన్స్ మోర్ అన్నాక మళ్లీ చెయ్యాల్సిందే. మన సీమలో చచ్చిపడున్న రాజైనా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చస్తాడు. ఖాసిం సాబ్ వేళ్లు వాటంతటవే శ్రుతి పట్టాయి.

కల్పన కళ్లు తుడుచుకుని మళ్లీ చెప్పింది. ఈసారి “అక్కా” దగ్గర ఆగి, చెయ్యి గుండె మీద వేసుకుంది. మళ్లీ ఈలలు, మళ్లీ వన్స్ మోర్. మూడోసారి లైటు ముఖాన పడేట్టు జరిగింది. “కోసినా…” అని రాగం ఎత్తి, పైన నిలబెట్టి, చప్పట్లు ఆగేదాకా వంగి వంగి దండాలు పెట్టింది.

కదిరమ్మ లేచి వచ్చి మైకు అందుకుంది.

“అయ్యలారా, ఇది నాటకంలో మాట కాదు. ఈ పాప సింధూరం కలిపింది నా కిళ్లీలో. కలుపుతాంటే అద్దంలో చూసినా. నేను నమిలింది వేరే కిళ్లీ.” గొంతు గంటలా మోగింది. “దీనికి మనసనేది ఉండాదా లేదా చూద్దామని మూగదాని మాదిరి కూచున్నా. మొదటి తూరి ఏడిస్తే, ఉండాదిలే అనుకున్నా. మన్నించేసినా. వేషం గూడా దానికే ఇచ్చేద్దామనుకున్నా.”

కల్పన ఆశగా తలెత్తింది.

“మూడో తూరికి రాగం తీస్తివి. ఇంక కిరీటం తియ్యి పాపా!”