పూజకు ముందు పరీక్ష

“స్టార్టు చేయించకండి సార్. షాఫ్టు తెగిపోతుంది,” అన్నాడు ఇంజనీరు రఘురాం. చేతిలోని కంప్యూటర్ కాగితాలు చెమటకి మెత్తబడిపోయాయి.

గార్డెన్ రీచ్‌లోని ఆ కార్ఖానా యజమాని ఘోషాల్ వాటివైపు చూడనైనా లేదు. “రేపు విశ్వకర్మ పూజ. మిషన్ ముట్టుకునేవాడుండడు. ఈ సాయంత్రమే పరీక్ష అయిపోవాలి. ఏమంటోందట నీ కంప్యూటర్?”

ఏమంటుంది, ఎన్నిసార్లు లెక్క కట్టించినా అదే పాట. ఇంజను, పొడుగాటి షాఫ్టు, దాని చివర బండెడు బరువున్న ఇనపచక్రం. మూడూ కలిసి మెలితిరిగి ఊగడానికి వాటిదంటూ ఒక వేగం ఉంటుంది. ఖర్మకొద్దీ ఈ వాననీళ్ల పంపు రోజూ తిరగాల్సిందీ ఆ వేగంలోనే. ఉక్కయితేనేం, చెరుకుగడలా పుటుక్కుమంటుంది.

“తెగితే నీ మాట నెగ్గినట్టు. తెగకపోతే పంపు భేషని సంతకం పెట్టు. లేదా రేపట్నుంచి రాకు,” అన్నాడు ఘోషాల్.

మిషన్ పక్కనే దేముడు నింపాదిగా నించున్నాడు. ఎల్లుండి పంపుతోపాటే దాన్ని నడిపే డ్రైవరుగా వెళ్లాల్సినవాడు. అక్కడ రఘురాంని తెలుగులో పలకరించేది అతనొక్కడే. రఘురాం ప్రాణమంతా అతని మీదే కొట్టుకుంటోంది.

“దేముడూ, కాస్త దూరం జరుగు.”

“బయమేటి బాబూ? ఇయాల ఏటీ అవ్వదు.”

ఇంజను అందుకుంది. చక్రం మీది ఇనపడొప్ప గలగలలాడింది. ఆ వేగం రాగానే రఘురాం కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ చప్పుడు రాకపోయేసరికి తెరిచాడు. షాఫ్టు హాయిగా తిరుగుతోంది.

ఘోషాల్ నవ్వుతూ పెన్ను అందించాడు. రఘురాం తలెత్తకుండా సంతకం పెట్టేశాడు. ఆ కాగితం పంపు కొన్నవాళ్ల కారెక్కి వెళ్లిపోయింది. పోతే పోయింది పరువు, మనిషి దక్కాడు అనుకున్నాడు.

“రండి బాబూ, సామిని సూద్దురు గాని,” అంటూ దేముడు యూనియన్ జెండా పక్కనున్న పందిట్లోకి తీసుకెళ్లాడు.

విశ్వకర్మ బొమ్మ కాళ్ల దగ్గర, బొట్లు పెట్టించుకుని, బంతిపూల దండలో ఇనపచక్రం మెరిసిపోతోంది.

“సామికి సూపించకండా కొత్త సక్రం తిప్పకూడదు కదా బాబూ. పొద్దున్నే ఇప్పీసి, ఒట్టి డొప్ప బిగించీసినాం,” అన్నాడు దేముడు దండం పెట్టుకుంటూ. “పూజయ్యాక ఎక్కించీస్తాం. ఆపైన రోజూ దీని పక్కనే కదా నా డూటీ.”