తెల్లగా వదిలిన కన్ను

వీధిలో అందరికీ ఆమె చుక్కలావిడ. సైన్సు పుస్తకాలకు సన్నని పాళీతో, నల్ల సిరాతో, చుక్క పక్కన చుక్క పెడుతూ పురుగుల బొమ్మలు వేస్తుంది. ఈసారి గ్రహాంతర కథల పుస్తకానికి ఎక్కడా లేని పురుగు కావాలన్నారు. కాళ్లు పేడపురుగు దగ్గర, రెక్కలు తూనీగ దగ్గర అరువు తెచ్చింది. కన్ను మాత్రం ఎంతకీ కుదరక తెల్లగా వదిలేసింది.

రాత్రి చెల్లెలు ఫోన్ చేసింది. వారానికోసారి ఆ ఇంట్లో వినిపించే రెండో గొంతు అదొక్కటే.

"కాసేపు ఆ చుక్కలు ఆపు అక్కా! టిక్కు టిక్కుమంటుంటే నీ మాటే వినపడట్లేదు."

చుక్కలావిడ ఒళ్లో ఉన్న ఖాళీ చేతి వైపు చూసుకుంది. పాళీ కడిగి, సిరాబుడ్డికి మూత పెట్టి చాలాసేపయింది.

"ఆపేశాలేవే," అంది మెల్లగా.

ఫోన్ పెట్టేశాక ఆ టిక్కు టిక్కు ఆమెకూ వినిపించింది. పురుగు బొమ్మ ఉన్న కాగితానికి చెవి ఆనించింది. అవతలి వైపు ఎవరో కుదురుగా కూర్చుని చుక్కలు పెడుతున్నారు.

గోటితో ఒకసారి తట్టింది. చప్పుడు ఆగిపోయింది. తెల్లగా వదిలిన కంట్లో ఒక్క చుక్క, ఇంకా తడిగా, మెరిసింది.

చెల్లెలు మళ్లీ ఫోన్ చెయ్యడానికి వారం ఉంది.

చుక్కలావిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇంకోసారి తట్టింది.