నలభై సెకన్ల కాలరు

మా బట్టల కంపెనీని కొనడానికొచ్చిన విదేశీ దొర స్టాప్‌వాచ్ పట్టుకుని నా కుట్టుమిషన్ పక్కన నిలబడ్డాడు.

"మన పరువు నిలబెట్టాలమ్మా" అన్నాడు మేనేజరు.

ఊపిరి బిగబట్టి కుట్టాను. చొక్కా కాలరు నలభై సెకన్లలో అయిపోయింది. దొర చప్పట్లు కొట్టాడు. వెనక వరసలో కుడుతున్న మా అమ్మ ముఖం వెలిగిపోయింది.

వారం తిరక్కుండానే కంపెనీ ఆయనదైంది. గేటు దగ్గర నోటీసు పెట్టారు. కాలరుకి నలభై సెకన్లే. అందుకోలేనివాళ్లు రేపటి నుంచి రానక్కర్లేదు.

అమ్మకి నిమిషం పైనే పడుతుంది.

మేనేజరు కాళ్లావేళ్లా పడ్డాను.

"నా మాట ఎవరు వింటారమ్మా?" అన్నాడు.

అమ్మ తన కత్తెర సంచిలో వేసుకుని నా చెయ్యి పట్టుకుంది.

"ఏడవకే. నీకంత వేగం నేర్పింది నేనేగా."