మూత మీద మూడు గీతలు

ఆమె వస్తూనే ల్యాప్‌టాప్ పెట్టెను కౌంటరు మీద ధన్‌మని పెట్టింది.

"తెరిచి చూడండి. మూడు గీతలు. కళ్లు కనబడతాయిగా?"

ఆ సర్వీసు సెంటరులో ఫిర్యాదుల కౌంటరులో కూర్చునే అతన్ని తోటివాళ్లంతా 'గోడ' అంటారు. ఎంతటి ఫిర్యాదైనా అతనికి కొట్టుకుని వెనక్కి పోవాల్సిందే. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వం కూడా. కానీ ఈ నెల గోడకు రెండు బీటలు పడ్డాయి. ఇద్దరు కస్టమర్లు అరిచి గీపెట్టి కొత్త మెషీన్లు పట్టుకుపోయారు. "మూడోది పోయిందంటే కుర్చీ ఖాళీ చేసి వెళ్లు" అని మేనేజరు నిన్ననే మొహం మీద అనేశాడు. ఇంట్లో భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ ఆ కుర్చీని నమ్ముకునే ఉన్నారు.

అందుకే ఆమెను చూడగానే అతనికి ఒళ్లు మండింది.

నలభై ఏళ్లుంటాయి. చెమట పట్టిన మొహం, బిగించిన పెదాలు. తాడో పేడో తేల్చుకోవడానికే వచ్చిన వాలకం.

పెట్టె తెరిచాడు. ఖరీదైన మోడల్. స్క్రీన్ మీది ప్లాస్టిక్ పొర కూడా ఇంకా ఊడదీయలేదు. బిల్లు మీద తేదీ చూశాడు. మొన్నటిదే. ఒకసారి ఆన్ చేసి కీలు నొక్కి చూశాడు. టేబుల్ లైటు వేసి, గీతల్ని కొలిచే కార్డును మూత మీద పరిచాడు. గాజులా అవతలిది కనబడే ఆ కార్డు మీద ఒక ఎర్రచార ఉంటుంది. గీత పొడవు ఆ చార దాటితే దెబ్బ, దాటకపోతే ఉత్త పైపై గీత. కంపెనీ రూలు అది. మూడూ చారకు ఇవతలే ఆగిపోయాయి. గోడకు ప్రాణం లేచొచ్చింది.

"ఇవి పైపై గీతలమ్మా. వారంటీలోకి రావు."

"కొత్త వస్తువు మీద గీతలేంటి? పాడైనట్టు కాదా?"

"మెషీన్ ఆన్ అవుతోంది. కీబోర్డు పనిచేస్తోంది. స్క్రీన్ నిగనిగలాడుతోంది. ఇంకెక్కడ పాడైంది?"

"అంటే ఈ గీతలు మీ కంటికి ఆనడం లేదన్నమాట."

"ఆనుతున్నాయి. గోరంతని కొండంత చేయకండి అంటున్నా."

ఆమె గొంతు లేచింది. వెనక వరుసలో నిలబడ్డవాళ్లు మెడలు చాచారు. ఒకాయన సెల్‌ఫోన్ తీసి వీడియో కూడా మొదలుపెట్టాడు. ఇలాంటప్పుడు మెత్తగా మాట్లాడి గట్టిగా తోసెయ్యాలని గోడకు తెలుసు. సొరుగులోంచి మెత్తటి గుడ్డా, చిన్న సీసా తీశాడు.

"పోనీ, మీరు అంత బాధపడుతున్నారు కాబట్టి పాలిష్ పెట్టేస్తాను. అయిదు నిమిషాల్లో గీతలు మాయం. సరేనా?"

ఆమె మెషీన్‌ను ఒక్క లాగు లాగేసుకుంది.

"చెయ్యి తియ్యండి! ఒక్క గీత చెరిగిందంటే మర్యాదగా ఉండదు."

ఎంత గడుసుది! గీతలు పోతే కొత్తది అడగడానికి సాకు ఉండదని భయం కాబోలు. అతను లోపల పళ్లు నూరుకుని పైకి నవ్వాడు.

"అయితే నేను చేయగలిగిందేం లేదు."

"మేనేజర్ని పిలవండి."

"ఆయనా ఇదే చెబుతారు. కావాలంటే రాసిస్తాను."

"రాసివ్వండి."

తగ్గుతుందనుకుంటే ఆ మాటనే పట్టుకుంది. కోర్టుకు లాగుతుందేమోనని అతను ఒక్క క్షణం జంకాడు. అయినా రూలు తన పక్షాన ఉంది, భయం దేనికి? పైగా కాగితం ఉంటే మేనేజరు ముందు మాట పడే పని ఉండదు. కంపెనీ పేరున్న కాగితం ఒకటి లాగాడు.

"చెప్పండి, ఏం రాయమంటారు?" అన్నాడు వెటకారంగా.

"మీ నోటితో అన్నవే. ఈ గీతల వల్ల వస్తువుకి ఏ నష్టమూ లేదని."

రాశాడు.

"ఇవి ఎలా పడ్డాయంటారు?"

"ప్యాకింగ్‌లోనో, లారీలోనో పడుతుంటాయి. మామూలే."

"తప్పు ఎవరిది?"

"ఎవరిదీ కాదమ్మా. పది మెషీన్లలో రెండింటికి ఉంటాయి."

"అదీ రాయండి. ఇలాంటివాటిని కొత్తవాటిగానే అమ్ముతారా?"

"నిక్షేపంగా అమ్ముతాం."

"అదీ రాయండి."

గోడకు ఉత్సాహం వచ్చేసింది. ఈవిడెవరో తన గొయ్యి తనే తవ్వుకుంటోంది. తవ్వుకోనీ, మనకేం! ఒక్కో ముక్క రాస్తున్న కొద్దీ ఆమె ఫిర్యాదు చచ్చిపోతోంది. సంతకం చేశాడు. స్టాంపు ఒకటి చాలక రెండు గుద్దాడు. లోపలికి పరిగెత్తి మేనేజరు చేత కూడా సంతకం పెట్టించుకొచ్చాడు. అది చదివి ఆయన ఈ నెలలో మొదటిసారి అతని భుజం తట్టాడు.

తిరిగొచ్చి కాగితాన్ని కౌంటరు మీద ఆమె వైపు తోశాడు.

"తీసుకోండి. ఇక మీరు ఏ కోర్టుకెక్కినా ఈ మెషీన్ మార్చివ్వరు. సంతోషమేనా?"

ఆమె ప్రతి మాట కిందా వేలు పెట్టుకుంటూ నిదానంగా చదివింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుని జిప్పు లాగింది. అప్పటిదాకా ఉరిమిన మొహం కాస్త తేటపడింది.

"మార్చివ్వమని నేనెప్పుడు అడిగాను బాబూ? ఈ మూడు గీతలు పెట్టి మెషీన్‌ని నాశనం చేశాడని, మీ గోడౌన్‌లో ప్యాకింగ్ చేసే మా ఆయన్ని మొన్న పనిలోంచి గెంటేసి, డబ్బు కట్టించుకుని దీన్ని మా నెత్తిన రుద్దింది మీ కంపెనీయే."