నాలుగో మాట

రాత్రి తరగతులు ముగిశాక అమీర్‌పేటలోని ఆ శిక్షణ సంస్థలో గిడియన్ ఒక్కడే మిగిలాడు. సొంతంగా నిర్మిస్తున్న ప్రోగ్రామింగ్ భాషకు ఆ రోజే జనరేటర్ ఫంక్షన్లను జోడించాడు. అటువంటి ఫంక్షన్‌ను పిలిచినప్పుడల్లా అది ఒక్క విలువ ఇచ్చి, మళ్లీ పిలిచేవరకు ఉన్నచోటనే ఆగి ఉంటుంది.

పరీక్ష కోసం, నిరుడు చనిపోయిన భార్య లోయిస్ రోజూ ఫోనులో అడిగే మూడు ప్రశ్నలను అందులో రాశాడు.

మీట నొక్కాడు. "క్లాసులైనయా?"

మళ్లీ నొక్కాడు. "తిన్నవా?"

మూడోసారి, "పంజాగుట్ట దాటినవా?"

నాలుగోసారి నొక్కాడు. ప్రశ్నలు అయిపోయాయి కనుక 'సమాప్తం' అని రావాలి. అది రాలేదు. కాసేపటికి తెర మీద అక్షరాలు వచ్చాయి. "ఈడనే ఆగి ఉన్న. మళ్ల పిలువు."

ఫైలు తెరిచి చూశాడు. మూడే వాక్యాలున్నాయి. తప్పు తన కోడులోనే ఉండి తీరాలి. దాన్ని వెతకాలని మాత్రం అతనికి అనిపించలేదు.

మెట్ల దగ్గర నుంచి వాచ్‌మన్ హనుమాండ్లు కేకేశాడు. "మెయిన్ స్విచ్చి బందు చేస్తున్న సార్. ఇంట్ల ఎదురుచూసేటోళ్లు లేకుంటే గిట్లనే ఉంటది."

కరెంటు పోతే, ఆగి ఉన్నదంతా చెరిగిపోతుంది.

"ఒక్క నిమిషం ఉండు," అన్నాడు గిడియన్.

తెర మీద, ఏ మీటా నొక్కకుండానే, మరో మాట వెలిసింది.

"సరే, ఉంట."