పగులుకు అటుపక్క

గుట్ట మీది పగులుకు తడిమట్టి పూస్తున్న ముసలమ్మను చూడగానే కిషన్ రావుకు ఒళ్లు మండింది.

"ఏయ్ అవ్వా! పొద్దుగాల్నే ఏం పూజలు? లే అక్కణ్నుంచి."

కిషన్ రావు సర్వేయరు. హన్మకొండ దగ్గరి ఆ రాతి క్వారీకి లేజర్ మిషన్ తెచ్చి వారమైంది. ఎదుటి అద్దం మీదికి సన్నటి వెలుగు పంపి, దూరాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా చెబుతుందది. 1986లో జిల్లాకంతా అదొక్కటే. కళ్లు నెత్తికెక్కడానికి ఆ మాత్రం చాలదూ!

కింద గుంతలో నలభై మంది రాయి కొడుతున్నారు. పైబండ కదలడం లేదని అతను చెప్పబట్టే దిగారు.

"పూజ కాదు బిడ్డా. నిన్న పూసిన మట్టి చీలింది. బండ జారుతాంది. కిందోళ్లను బయటికి పిలువు."

"ఎండకు మట్టి పగులదా?"

"ఎండకైతె అడ్డదిడ్డం పగుల్తది. ఇది గీత గీసినట్టు చీలింది."

"మా మిషన్ల నిన్నటికి ఇయ్యాల్టికి దారమంత తేడా లేదు."

"నీ మిషన్ పగులుకు గీ పక్కనే ఉన్నది. అద్దం గూడ గీ పక్కనే. రెండూ బండతోని జారితె నడుమ దూరం ఎట్ల మారుతది?"

చదువురాని మనిషి తనకు కొలతలు నేర్పడమా! అతనికి తల కొట్టేసినట్టయింది.

"పో, నీ పని చూస్కో."

ఆమె పోయింది. ఇంటికి కాదు, గుంతలోకి.

సిగరెట్ వెలిగించాడు గానీ ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఎవరూ చూడటం లేదనుకున్నాక, మిషన్‌ను పగులు దాటించి పెట్టాడు.

ఒకసారి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. కొలిచినప్పుడల్లా అంకె పెరుగుతోంది.

"బయటికి రాండ్రీ!" గొంతు చించుకుంటూ కిందికి ఉరికాడు.

అప్పటికే జనం పరుగెత్తి వస్తున్నారు. ముసలమ్మ ఒక్కొక్కరినీ రెక్క పట్టి తోలుతోంది. చెవులు వినపడని ఉప్పలయ్య మాత్రం ఒక మూల ఉలి కొడుతూనే ఉన్నాడు. ఆమె వెనక్కి పోయింది.

ఉప్పలయ్య బయటికొచ్చాడు. వెనకే బండ కూలింది. ఆమె రాలేదు.

దుమ్ము అణిగేదాకా కిషన్ రావు నేల మీద కూలబడే ఉన్నాడు. సిగ్గుతో, దుఃఖంతో తల ఎత్తలేకపోయాడు.

"యాకయ్యా, ఆమెకు ఈ క్వారీల ఎవరున్నరు? కొడుకా, బిడ్డా?" అని మేస్త్రిని అడిగాడు.

"సరస్వతమ్మకా? ఎవ్వల్లేరు సారూ. కూలి గూడ తీసుకోదు. పన్నెండేండ్ల సంది దినాం వచ్చి ఆ పగులు చూసి పోతది."

"ఎందుకు?"

యాకయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"అప్పుడు ఇదే గుట్టను కొలిచి, బండ పదిలంగున్నదని ఎనిమిది మందిని కిందికి దింపిన సర్వేయర్ భార్య సారూ ఆమె."