కొత్వాలు చావాల్సిందే

అక్షరాలు నేర్చుకుని మూడేళ్లే అయింది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మీరే సర్దుకుని చదువుకోండి. ఈ ఒక్క పేజీకే నాకు పది రోజులు పట్టింది.

బాపట్లలో కోటేశ్వరరావు ఫ్యాన్లు బాగుచేస్తాడు. గట్టిగా మాట్లాడి ఎరగడు. నాటకంలో కొత్వాలు వేషం కట్టాడంటే మాత్రం జనం పళ్లు కొరుకుతారు. పేదల ధాన్యం లాక్కుంటాడు. వాళ్ల కోసం అడవి పట్టిన దొంగను వేటాడతాడు. ఆ దొంగ తల్లిని కొరడాతో కొడతాడు. కొరడా సీను చూసినప్పటి నుంచి సూర్యలంక రోడ్డులో ఇడ్లీలమ్మే రావమ్మ అతనికి రెండోసారి చట్నీ వెయ్యడం మానేసింది.

చివర్లో దొంగ బాణం వేస్తాడు. కొత్వాలు మూడు చుట్లు తిరిగి దబ్బున పడతాడు. జనం "వన్స్ మోర్" అంటారు. మా వైపు నాటకాల్లో వన్స్ మోర్ అంటే కాదనకూడదు. పద్యానికైనా అంతే, చావుకైనా అంతే. కొత్వాలు లేచి, దుమ్ము దులుపుకుని, మళ్లీ బాణం తిని మళ్లీ చస్తాడు.

అందరూ ఒకసారి అడిగి ఊరుకుంటారు. గౌస్ బీ ఊరుకోదు. తెనాలి నుంచి రైలెక్కి రేపల్లె వెళ్తుంది, బాపట్ల వెళ్తుంది, ముందు వరుసలో కూర్చుని అరుస్తుంది. రేపల్లెలో అతన్ని నాలుగుసార్లు చంపించింది. మోకాలు వాచి కోటేశ్వరరావు రెండు రోజులు షాపు తెరవలేదు.

తెనాలిలో ఆట ఉన్న సాయంత్రం డైరెక్టర్ సాయి కిరణ్ ముగింపు మార్చేశాడు. ఈ రోజుల్లో విలన్‌కీ ఒక బాధ ఉండాలట. కొత్వాలు కన్నీళ్లు పెట్టుకుని దొంగకు దండం పెడతాడు, చావడు. ఈ మార్పుకు అందరికన్నా ఎక్కువ సంతోషించింది కోటేశ్వరరావు మోకాళ్లు.

సంగతి విన్న గౌస్ బీ తిన్నగా మేకప్ గదికి వెళ్లింది. కొత్వాలు చచ్చి తీరాలని పట్టుబట్టింది. సాయి కిరణ్ ఎంత నచ్చజెప్పినా గుమ్మంలోంచి కదల్లేదు.

సగం మీసం అంటించుకున్న కోటేశ్వరరావు నవ్వాడు.

"ఏంటి పెద్దమ్మా, అది నాటకమండి. నా మీద ఇంత కక్షేంటి?"

"కక్షేం లేదు బాబూ. ఒక్కసారి పడు, చాలు."

"మీరు ఒక్కసారితో వదిలితే కదండీ. అసలు నేను చస్తే మీకేంటండి అంత సంబరం?"

గౌస్ బీ అద్దం ముందున్న మిగతా సగం మీసం తీసి అతని చేతికిచ్చింది.

"ఇరవై ఏళ్ల కింద పెనుమూడిలో ఇదే వేషంలో మా ఆయన పడిపోతే, అందరితో పాటు నేనూ వన్స్ మోర్ అని అరిచాను బాబూ, ఆయన లేవలేదు, నువ్వైతే లేస్తావు."

— షేక్ గౌస్ బీ, 68 ఏళ్లు, ఐతానగర్, తెనాలి